పొంగని జాడీ

మేడ మీద ద్రాక్ష పందిరి కింద, వైను జాడీ పక్కన భర్త కత్తెర పట్టుకుని నిలబడ్డాడు. బట్టలు పిండుతున్న భార్యకు నవ్వాగలేదు.

"మాటంటే మాటే. ఈ ఆదివారానికి వైను పొంగకపోతే తీగ కొట్టేస్తానన్నాను. ఇక్కడ నీ బట్టల తాడు కట్టుకో."

"కళ్లలో ఆ నీళ్లేంటి మరి?"

"ఎండ."

"పళ్లను అంట్లు తోమినట్టు తోమి కడిగితే ఎలా పొంగుతుందండీ? పులియబెట్టేది వాటి మీదుండే ఆ తెల్లపొడేగా!"

"ఆ ముక్క ఇప్పుడా చెప్పేది?"

"ముందు జాడీకి చెవి ఆనించండి."

"అరె, బుసబుసమంటోంది! ఏం చేశావే?"

"మొన్న కడగని గుత్తొకటి చిదిమి వేశాను."

"మరి నీ తాడు?"

"ఈ పందిరి గుంజలకే కట్టండి. నా చీర మీద ఒక్క ద్రాక్ష మరక పడిందో, ఆ కత్తెర నేనే పట్టుకొస్తాను!"