గోరింటాకు కింద నీలం

సికింద్రాబాద్ పాసింజరు ఆలేరు దాటింది. కిటికీ బయట మంచు కమ్మిన చెలకలు నెమ్మదిగా వెనక్కి జరుగుతున్నాయి. పసిపిల్లను ఒళ్లో పడుకోబెట్టుకున్న తల్లిని ఎదుటి సీటులోని పెద్దావిడ పలకరించింది.

“యాడికి బిడ్డా?”

“పట్నంల పిల్లల దవాఖానకు, పెద్దమ్మా. పాప గుండెకు చిల్లు ఉన్నట్టుందని మా డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. గుండె చూసే డాక్టరు ఇయ్యాలనే కూసుంటడట.”

“మా మనుమరాలిని గట్లనే తీస్కపోయిన. ఇప్పుడు మేకపిల్ల లెక్క ఉరుకుతాంది.”

“నాకు గసొంటి కలే పడ్డది. పాప చెలకల ఉరుకుతాంది, ఎంత పిలిచినా ఆగుతలేదు. నవ్వుకుంటనే లేచిన.”

“మంచి కలనే. పాప గోర్లకు గోరింటాకు ఎర్రగ పండింది, నువ్వే పెట్టినవా?”

“నేనే. గోర్లు నీలంగుంటయి పెద్దమ్మా. చూసినోళ్లంత అడుగుతుండ్రని పెడుతున్న.”

“అయ్యో, ఆ డాక్టరు ముందుగాల గోర్లే చూస్తడు గదా బిడ్డా.”

“మరి ఎట్ల? ఏం లేదని ఇంటికి పంపిస్తడా?”

“పంపియ్యడు. గోరింటాకు పెట్టిననని నువ్వే ముందు చెప్పు. నాలుక చూస్తడు, పెదవులు చూస్తడు. పాప ఏడుస్తది, అప్పుడు నీలం ఇంక తేలుతది. నువ్వు ఉరికిపోయి ఎత్తుకోకు.”

“పుట్టినకాంచి ఏడ్వనియ్యలే. ఏడిస్తె నీలమైతదని ఊపుకుంటనే కూసుంట. గది నేనెట్ల చూస్త?”

“నువ్వు అటు తిరుగు. పాపను నేను పట్టుకుంట.”

“మీరా?”

“అగో, మంచుల భువనగిరి గుట్ట తేలుతాంది. నేను గీడ దిగేదుండె.”

“మరి దిగరా?”

“వచ్చేటప్పుడు దిగుత. పాపను ఇటియ్యి. జర నా చేతులకు అలవాటు కానీ.”