రాయదుర్గం నుంచి తోలుకొచ్చిన మోడం

"డ్రోన్ యాడికీ పోలేదు జోయలూ, ముందు కూర్చో. పెద్దక్కా, మా తమ్మునికి ఒక టీ పొయ్యి, చక్కెర ఎక్కువెయ్యి. నాకూ ఇంకొకటి. ఇది నిలబడి ఇనే కత కాదప్పా."

ముదిగుబ్బలో బాడుగ కారు తోలే కుళ్ళాయప్ప ఇట్లా మొదలుపెట్టినాడంటే ఏదో కొంప మునిగిందని అర్థం. నేను పెళ్ళిళ్ళకు ఫొటోలు, వీడియోలు తీస్తాను. సోమవారం నేను జ్వరంతో పడుకుని ఉంటే ఇతను వచ్చి మంచం పట్టె పట్టుకుని వదల్లేదు. బెంగళూరు నుంచి మొగుడూ పెళ్ళాం ఊర్లు చూసేదానికి కారు మాట్లాడుకున్నారంట, దారిలో ఆగి ఆగి పైనుంచి వీడియోలు కావాలంటున్నారంట, నా డ్రోన్ ఇస్తే రెండు రోజుల్లో తెచ్చిస్తాడంట. నా పక్కన నిలబడి రెండు పెళ్ళిళ్ళలో చూసి నేర్చుకున్నాడంట. ఇచ్చేశాను. జ్వరంలో ఉన్నవాడికి బుద్ధి ఎక్కడుంటుంది?

ఈరోజు శుక్రవారం. ఆదివారం రాయదుర్గంలో పెళ్ళి. పెళ్ళికూతురి నాయనకు జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్ ఉంది. "డ్రోన్ తెస్తేనే రా, లేకుంటే బళ్ళారి వాళ్ళు కాసుకోనుండారు" అని మొహం మీదే చెప్పాడు. అంత పెద్ద పెళ్ళి నాకు దొరకడం ఇదే మొదలు. టీ కొట్టు బల్ల మీద కుళ్ళాయప్ప కారు తాళం పక్కన నా డ్రోన్ సంచి కనబడితే ఆశగా ఎత్తాను. తేలిగ్గా వచ్చేసింది. రిమోట్ ఒక్కటే ఉంది.

"అన్నా, డ్రోన్ యాడ?"

"అదే చెప్తాండా గదా! గోరంట్ల దాటినాక గుట్టలుండాయి సూడు, గుండ్ల మీద గుండ్లు పేర్చినట్ల, ఆడ కారు ఆపమనింది మేడం. ఎగరేస్తి. ఏం లేదప్పా, చిన్న పని, చెప్పుకునేంతది కూడా కాదు. రెండు గుండ్ల నడమ సందులో దూర్చి అవతల పక్క తీస్తి. సారు నోరు తెర్సుకొని నిలబడిపాయ. 'కుళ్ళాయప్పా, మా బెంగళూర్లో ఇట్లాంటి చెయ్యి లేదు' అన్న్యాడు. నా మాట కాదిది, ఆయప్ప మాట."

"ఎంత సందు?" అన్నాడు ఎర్రప్ప. నాలుగెకరాల్లో శెనక్కాయ వేసి నెల రోజులుగా వాన కోసం ఆకాశం చూస్తున్న మనిషి. టీ తాగడానికి వస్తాడు, తాగి కూడా లేవడు.

"జానెడు."

"డ్రోన్ మూరెడు ఉంటుంది కదన్నా," అన్నాను.

"పక్కకు ఒరిగిచ్చి దూర్సినా. నువ్వు పెండ్లిండ్లలో నేరుగా తోల్తావు, నీకేం తెలుసు? సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెనుకొండ కోట కాడ ఎగరేస్తే, ఆడ ఒక ఆడగద్ద ఉండాది, అది డ్రోన్ను సూసి మనసు పడె. యాడికి పోతే ఆడికి ఎనకాలే. నేను దించితే అదీ దిగె. డ్రోన్ ముందర ఒక ఎలుకను తెచ్చి పెట్టి, రెండడుగులు ఎనక్కి పోయి, తల వంచుకొని నిలబడె. పెండ్లి చూపులకు కూర్చున్న పిల్ల గూడా అంత సిగ్గు పడదు. మేడం కండ్లల్లో నీళ్ళు. 'పాపం, ఒప్పుకో కుళ్ళాయప్పా' అంటాది. నేనెట్ల ఒప్పుకునేది, డ్రోన్ జోయలుది గదా, అడగల్ల గదా అంటిని. చూడు తమ్ముడూ, నీ వస్తువు మీద నాకు ఎంత గౌరవమో."

"ఆ గద్ద తీసుకోని పోయిందా?" అని అడిగాను.

"ఛీ ఛీ. ధర్మవరం దాకా వచ్చి, ఇంగ లాభం లేదని తిరిగి పాయ. అదంతా ఏముందిలే. ఆపొద్దు సాయంత్రం గుట్టల మీద గాలి ఫ్యాన్లుండే తావుకు పోతిమి. నలభై ఫ్యాన్లు వరసగా తిరుగుతాండాయి. ఆ గాలికి డ్రోన్ ఊగులాడతాంది. నాకు రోషం వచ్చె. మొదటి ఫ్యాన్ ముందర నిలబెట్టి పూర్తిగా తిప్పితి చూడు, మన డ్రోన్ గాలికి ఆ పెద్ద ఫ్యాన్ ఆగె. ఆగి, ఎనక్కి తిరగబట్టె. దాన్ని సూసి పక్కది, దాన్ని సూసి ఇంకొకటి. నలభై ఫ్యాన్లూ ఎనక్కే! కరెంటు తీగల్లో పొయ్యేది తిరుక్కోని యాడ పుట్టిందో ఆడికే వచ్చేస్తాంది. అక్కా, ఆపొద్దు మీ ఇంట్లో మీటరు ఎనక్కి తిరగలేదా?"

"ఆపొద్దు మా ఇంట్లో కరెంటే లేదప్పా," అంది పెద్దక్క టీ వడగడుతూ.

"చూస్తిరా! ఉండేదంతా ఎనక్కి పాయ గదా, ఇంగ యాడుంటాది?"

పెద్దక్క నవ్వాపుకోలేక గిన్నె పక్కన పెట్టింది. అప్పుడే మారెక్క వచ్చింది. కదిరి రోడ్డు పక్క దొడ్డి వేసుకుని గొర్రెల మంద మేపుకునే ఆమె. భుజం మీద గొంగళి, చేతిలో కట్టె. కుళ్ళాయప్ప వెనక ఉన్న రాతిబండ మీద కూర్చుని ఒక టీ అన్నట్టు పెద్దక్కకు ఒక వేలు చూపించింది. ఇతనికి వెనక్కి తిరిగి చూసే తీరిక ఎక్కడుంది!

"అసలు కత ఇప్పుడుండాది. పొద్దున్నే రాయదుర్గం పోతిమి. కోట మీద నుంచి సూస్తే, కర్ణాటక పక్క ఒక వాన మోడం. నల్లగా బలిసి, ఈనే ముందర బర్రె మాదిరి. మన రాష్ట్రం గడికి అవతల్నే నిలబడి ఉండాది. అడుగు ఇవతలికి పెట్టదు. మనకేమో ఈడ చేన్లు ఎండిపోతాండాయి. ఎర్రప్ప మామ మొహం నా కండ్లల్లో మెదిలె."

"నా మొహమెందుకప్పా నడమ?"

"మెదిలె మామా, నేనేం చేసేది? బజార్లోకి పోయి జీన్స్ కుట్టే దారం ఆరు ఉండలు తెస్తి. ప్యాంటు చినుగుతాది గానీ ఆ దారం తెగదు. ఒక కొస డ్రోన్కు కట్టి పంపితి. మోడం సుట్టూ మూడు సుట్లు తిప్పి, డ్రోన్తో ఒక పల్టీ కొట్టిచ్చి ముడి బిగిస్తి. రెండో కొస కారు ఎనక కట్టి, మెల్లగా, ఇరవై మీద తోల్తాంటే, మోడం లేగదూడ మాదిరి వస్తాది ఎనకాల! యా ఊరు వచ్చినా జనం రోడ్డుకు అడ్డం పడేది. మందను ఒక రాత్రి చేన్లో పండబెట్టించుకుంటాం గదా ఎరువుకు, అట్ల ఈ మోడాన్ని మా చేన్లో ఒక్క రాత్రి పండబెట్టు సామీ అని కాళ్ళు పట్టుకునేది. నేను ఒప్పుకోలా. ఇది ముదిగుబ్బ మోడం అంటిని."

ఎర్రప్ప గ్లాసు కింద పెట్టాడు. "ఆ గాలి ఫ్యాన్లు మోడాల్ని తరుముతాయి గదా? వాటిని దాటి ఎట్ల తెస్తివి?"

ఫ్యాన్లు వచ్చినాకే వానలు పోయినాయని మా వైపు చాలామంది మాట. ఎర్రప్ప మాత్రం ఇప్పుడు ఎగతాళికి అడగలేదు. ఆ సంగతి గొంతులోనే తెలిసింది. కుళ్ళాయప్పకూ తెలిసింది. ముందుకు వంగి గొంతు తగ్గించాడు.

"అందుకే మామా, వచ్చిన దారిన రాకుండా కళ్యాణదుర్గం మీద సుట్టు తిరిగి వస్తి. డీజిల్ అయితే అయిపోనీ అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరీగ్గా మన ఊర్లోకి వస్తానే దారం పట్టు వదలబట్టె. మోడం జారిపోతాంది. ఇంగ ఆలోచన చెయ్యలా. డ్రోన్ను నేరుగా మోడం కడుపులోకి తోలి, గూటం కొట్టినట్ల ఆడనే నిలబెట్టేస్తి. ఇప్పుడు మన నెత్తిన ఉండే మోడాన్ని పట్టుకోనుండేది ఎవరనుకుంటాండారు? మన జోయలు డ్రోన్!"

అందరమూ పైకి చూశాం. నేనూ చూశాను, అదే నా ఏడుపు. నిజంగానే రెండు రోజులుగా ఊరి మీద ఒక మబ్బు తుంపర కూడా రాల్చకుండా నిలబడి ఉంది.

"బ్యాటరీ అరగంటే కదన్నా వచ్చేది!"

"మోడంలో మెరుపుండదా? ఛార్జింగు ఎక్కుతానే ఉంటాది. ఇంగ రెండు పొద్దులు ఓర్సుకుంటే వాన దిగుతాది. నువ్వు ఇప్పుడే దించమంటే దించుతా తమ్ముడూ, నీ వస్తువు, నీ ఇష్టం. మోడం పోతాది, అంతే. రాయదుర్గం పెండ్లా, ముదిగుబ్బ శెనక్కాయా? నువ్వే చెప్పు, అందరి ముందర."

నాకు ఒళ్ళు మండిపోయింది. పోగొట్టింది తను, ఊరికి జవాబు చెప్పాల్సింది నేనా? అందరూ నా వైపే చూస్తున్నారు. పెద్దక్క కూడా. వీడు పుట్టినప్పటి నుంచీ వీడు చెప్పేదంతా కోతలని తెలిసిన ఎర్రప్ప కూడా, "రెండు పొద్దులే గదా జోయలూ" అనేశాడు. అనేసి సిగ్గుపడి తల దించుకున్నాడు. అతని మీద మాత్రం నాకు కోపం రాలేదు.

"ఆ మోడంలో ఉండేదానికి కాళ్ళెన్నప్పా?" వెనక నుంచి మారెక్క అడిగింది.

"నాలుగు," అన్నాడు కుళ్ళాయప్ప తిరగకుండానే.

"బూడిద రంగా?"

"బూడిద రంగే..." గ్లాసు నోటి దాకా పోయి ఆగిపోయింది. ఆ గొంతు ఎవరిదో అప్పుడు తెలిసినట్టుంది.

"అట్లయితే నా దొడ్లో గూటానికి కట్టేసి ఉండేది ఏంది మల్ల?"

మారెక్క లేచి ముందుకు వచ్చింది. చెప్పేది నాకే చెప్పింది.

"మంగళవారం పొద్దు గుంకేటప్పుడు మంద తోలుకొని వస్తాంటి నాయనా. ఈయప్ప రోడ్డు మీద కారు ఆపి, వాళ్ళెవరికో సూపిచ్చేదానికి దాన్ని నా గొర్రెల నెత్తిన తిప్పినాడు. మంద చెదిరిపాయ. వాటిని సూసుకుంటా ఈయప్ప చేతిలోది మరిసినాడు, అది వచ్చి గడ్డిలో పడె. పరుల చేన్లో పడిన గొడ్డును బందెలదొడ్లో కట్టెయ్యరా? నేనూ కట్టేస్తి. ఎగిరి పోతాదేమో అని నడుముకు పలుపు ఏసినా. మేకపిల్ల పక్కన ఉండాది, ఏం కాలేదు. ఓనరు వచ్చి ఇడిపిచ్చుకోవల్ల అంటే, నేనే ఓనరు అన్న్యాడు. ఓనరైతే నా రెండు గొర్రెలు కానరాలేదు, తెచ్చిచ్చి తీసుకపో అంటి. పొద్దున్నే తెస్తా అని పోయినోడు, ఇదిగో, ఈడ టీ తాగుతాండాడు."

నా ప్రాణం లేచి వచ్చింది. "అక్కా, ఒక్కసారి ఇయ్యి. ఎగరేసి పైనుంచి ఐదు నిమిషాల్లో నీ గొర్రెలను వెతికి పెడతా."

"మల్ల ఎగరేస్తావా? ఉండేవి కూడా పోవల్లనా? పొద్దు గుంకే లోపల నా రెండూ దొడ్డికి రానీ. నువ్వే వచ్చి పలుపు ఇప్పుకోని పో."

ఎర్రప్ప ఆకాశం మీద నుంచి చూపు దించి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ తలపాగతో కళ్ళు తుడుచుకున్నాడు. కుళ్ళాయప్ప, "కదిరికి బాడుగ ఉండాది, మర్సేపోయినా" అంటూ బల్ల మీద చెయ్యి పెట్టాడు. కారు తాళం అప్పటికే నా జేబులో ఉంది.

మారెక్క తన కట్టె తీసి అతని చేతిలో పెట్టింది.

"రాయదుర్గం నుంచి అంత మోడాన్ని తోలుకొస్తివి గదప్పా, రెండు గొర్రెలు నీకొక లెక్కా? వీటికి దారం కూడా అక్కర్లేదు, పిలిస్తే వస్తాయి. పో."