చెయ్యి అందేంత

ఫర్నిచర్ షాపులో అత్తగారు నాలుగు కుర్చీల డైనింగ్ టేబుల్ దగ్గర ఆగింది. కోడలు మాత్రం ఆరు కుర్చీల గుండ్రటి బల్ల పక్కనుంచి కదల్లేదు.

"ఇది చాలమ్మా. మగవాళ్ళు నలుగురేగా."

"మనిద్దరం మనుషులం కామా, అత్తయ్యా?"

"మనం కూర్చుంటే వడ్డించేదెవరు?"

"గిన్నెలు మధ్యలో పెడదాం. గుండ్రటిదైతే అందరికీ అందుతాయి. ఎవరిక్కావలసింది వాళ్ళే వేసుకుంటారు."

"మీ మామగారు ఒప్పుకోరు."

"అయితే నిలబడి తినమనండి. ఇన్నేళ్ళూ వంటింటి గట్టు దగ్గర మీరు తిన్నారుగా."

అత్తగారు గుండ్రటి బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. బల్ల మధ్యకు చెయ్యి చాపింది.

"అందట్లేదే. ఇంకాస్త చిన్నది చూపించమను. కుర్చీలు మాత్రం ఆరూ ఉండాలి."