పచ్చగన్నేరు కంచె

1983 ఎండాకాలం, హనుమకొండలో ఒక పార్కు. పిల్లల ఆటస్థలానికి ముగ్గుతో గీతలు వేయిస్తున్న ఓవర్సియర్ సారంగపాణి, తోటమాలి మొండయ్య.

"కంచె మొత్తం పీకేస్తే మేకలను ఎవడు ఆపుతడు మొండయ్యా? నువ్వా?"

"నేనే ఆపుత సార్. పొద్దంత ఈడనే కూసుంట."

"కూసుంటవ్. మిగిలిన పార్కుకు నీళ్ళెవడు పెడ్తడు? పచ్చగన్నేరుకు మేక మూతి పెట్టది. ఇనుప కంచె మనకిచ్చేటోడు లేడు."

"మేకలు పెట్టయ్ సార్. పోరగాండ్లు పెడ్తరు."

"అందుకే గద కాయలు తినద్దని బోర్డు రాయిస్తాన."

"బోర్డద్దు."

"కంచె వద్దు, బోర్డు వద్దు. ఏంది నీ లొల్లి?"

"ఆట జాగనే ఆ మూలకు జరుపుండ్రి. జర నా మాటినుండ్రి."

"ఆడ నీడ లేదు, నల్లా లేదు. మట్టి దిబ్బ, ఇసుక, ఎక్కనీకి చింతమొద్దులు, అన్నీ ఈడికే లెక్కేసుకున్న. ఇనుప ఉయ్యాలలు ఏ పార్కులనైనా ఉంటయ్, మా పిల్లలు మన్నుల ఆడాలె, ఆకులు తెంపాలె అని ఎవరన్నరు? నీ బిడ్డ సమ్మమ్మనే గద. బాలవాడి టీచరమ్మాయె, ఆమె మాట మీదనే ఇదంత."

"అన్నదన్నది."

"బువ్వలాటకు పొయ్యిరాళ్ళు గూడ పెట్టమన్నది. తను, తమ్ముడు ఆడెటోళ్ళట. చెప్పుకుంట నవ్వింది."

"గదే వద్దంటాన సార్."

"ఏది?"

"బువ్వలాట."

"పిల్లలు ఆడుకునే ఆట, నీకేమైంది దానితోని?"

"ఇసుక బువ్వైతది. ఆకులు కూరైతయ్. మరి గీ కాయలు ఏమైతయ్?"

"చేదుంటయ్. ఎవడు మింగుతడయ్యా?"

"అక్క పెడ్తే తమ్ముడు మింగుతడు. ఉమ్మేస్తే మల్ల ఆటల చేర్చుకోదని మింగుతడు."

"కండ్లతోని చూసినట్టే చెప్తానవ్."

"మొద్దులు ఎప్పుడొస్తయ్ సార్?"

"మాట మార్చకు. చూసినవా?"

"కాయలు చూసిన. పోరడు పోయినంక. బొమ్మగిన్నెల పప్పు తీర్గ మెదిపి పెట్టున్నయ్."

"ఎవరి పోరడు?"

"నా కొడుకు."

"జ్వరమొచ్చి పోయిండంటివి?"

"అందరికి అట్లనే చెప్పినం. అప్పుడు తొర్రూరుల ఉంటుంటిమి, ఇంటి ముందట గిదే కంచె. వాంతులు, వాంతులు. దవాఖానకు పోయేటాల్లకు చేతులల్లనే పోయిండు. గిన్నెలు నా పెండ్లాం యాకమ్మ చూసి నాకు చూపెట్టింది. మొగడు పెండ్లాలం ఇద్దరమే ఏడ్సుకొని, గిన్నెలు తీస్కపోయి బాయిల పడేసినం."

"సమ్మమ్మకు?"

"ఎరుకలేదు. అది గూడ పసిపోరే సార్ అప్పుడు. జ్వరమే అన్నం. ఇయ్యాల్టిదాంక అదే అనుకుంటాంది. నా చేతులతోనే తమ్మునికి పెట్టిన అని తెలిస్తే అది బతుకుతదా?"

"అయ్యో మొండయ్యా."

"అందుకే బోర్డద్దంటాన. రోజు పిల్లలను తోలుకొని గీడికే వస్తది. కాయ తింటే పానం పోతదని చదువుతది, పొయ్యిరాళ్ళు చూస్తది. తెలివిగల్ల పోరి. రెండు కలుపుకుంటది. నాకు భయమైతాంది సార్. చెట్లకు రోగమొచ్చిందని చెప్పి నేనే పీకేస్త. మీరు జర సప్పుడు జేయకుండ్రి. మీ కాళ్ళు మొక్కుత."

"లే. లే మొండయ్యా."

"సరేనంటేనే లేస్త."

"కంచె పీకేయ్. అది గాదు."

"మరేంది? అట్ల చూస్తాండ్రేంది సార్?"

"బోర్డు మీది మాటలు పిల్లలకు సమజయ్యేటట్టు రాయమని నిన్న సమ్మమ్మకే చెప్పిన."

"ఏం జెప్పిండ్రు?"

"డాక్టరు సాబ్‌ను అడిగి తెలుసుకున్నది చెప్పిన. తింటే వాంతులైతయ్, కాళ్ళు చేతులు సల్లబడ్తయ్ అని. నాకేం తెలుసు మొండయ్యా, నువ్వు జ్వరమంటివి."

"బిడ్డేమన్నది?"

"గా మొద్దులు పెట్టే జాగల, కిందనే కూసున్నది. లేచి పోయేటప్పుడు ఒక్కటే అడిగింది. ఊకెనే అడుగుతాంది అనుకున్న."

"ఏమడిగింది?"

"ఏం తిన్నడో అప్పుడే ఎవలన్న చెప్తే పోరడు బతుకుతుండెనా అని."

"మీరేమన్నరు సార్?"

"బతుకుతుండె అన్న."