గాభరా మేడమ్ లేని సోమవారం

ఇక్కడికి వచ్చిన అందరికీ నమస్కారం. రోజూ మీరు భోజనం చేసే హాలిది. ఇవాళ బల్లలు గోడకు జరిపి, కుర్చీలు వేసి, మా కోడలి కోసం ఇంతమంది కూర్చున్నారు. పొద్దున్నే రైలెక్కి సరిహద్దు దాటి వచ్చిన, మా కోడలితో పనిచేసిన పిల్లలు వెనక వరుసలో ఉన్నారు. నా మాటలు వాళ్ళ భాషలో వాళ్ళకు చెబుతున్న అమ్మాయీ, నీ కోసం మెల్లగా మాట్లాడతాను. మెత్తగా మాట్లాడతానని మాత్రం మాటివ్వలేను.

పోయినావిడ నా పెద్ద కోడలు. రోగి నరంలోకి మందును కొలిచి పంపే యంత్రాలకు ఈ కంపెనీలో సాఫ్ట్‌వేర్ రాయించేది. మీరంతా చాటుగా ఆమెను గాభరా మేడమ్ అనేవారు. చాటుగా అంటున్నామని మీరనుకున్నారు. ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఇంట్లో నేను పెట్టిన పేర్లు ఇంకా ఘాటైనవి.

వీధి మలుపు దాకా వెళ్ళి, గ్యాస్ కట్టేశానో లేదోనని వెనక్కి వచ్చే మనిషి. ఒకరోజు విసుగొచ్చి, నీ భయానికి కంపెనీ జీతమిస్తుందా అని అడిగాను. "దానికే ఇస్తుందత్తయ్యా. మిగతా పని అందరికీ వచ్చు" అంది. నేను కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. నా నోరు మూయించినవాళ్ళు తక్కువ. ఆ రోజు నేనే లేచి వెళ్ళి గ్యాస్ చూసొచ్చాను.

ఆ సాఫ్ట్‌వేర్ పని బయటివాళ్ళకు ఇవ్వాలని కంపెనీ తలచినప్పుడు రెండు ధరలు వచ్చాయి. ఒకటి భూగోళానికి అవతలి పక్క నుంచి, చవక. రెండోది పక్క దేశం నుంచి, ఖరీదు. మా కోడలు ఖరీదైనదాన్నే పట్టుకుని కూర్చుంది. ఎందుకు? దూరపువాళ్ళు తెలివితక్కువవాళ్ళనా? ఆ మాట ఆమె ఏనాడూ అనలేదు. మనకు మధ్యాహ్నం ఒక అనుమానం పుడితే, వాళ్ళు నిద్రలో ఉంటారు. అది వాళ్ళ తప్పా? భూమి గుండ్రంగా ఉండటం తప్పు.

ముందు వరుసలో కూర్చున్న జమాఖర్చుల పెద్దాయన అప్పట్లో ఆమెతో గట్టిగానే వాదించారు. "ధర కాగితం మీద కనిపిస్తుంది సార్. పొరపాటు మంచం మీద కనిపిస్తుంది" అని ఆమె అన్న మాట ఆయనే నాకు చెప్పారు. అలా చెప్పగలిగినందుకు ఆయన మీద నాకు గౌరవం.

అయితే దగ్గరివాళ్ళయినంత మాత్రాన సరిపోతుందా? పక్కింట్లో ఉండి పలకరించుకోనివాళ్ళు లేరూ? అందుకే ఆమె ఒక నియమం పెట్టింది. ఆసుపత్రి వార్డులో స్టూలు మీద ఒక పూట కూర్చోనిదే ఎవరూ ఒక్క లైను కూడా రాయకూడదు. వెనక వరుసలో ఉన్న పిల్లలు అలాగే వచ్చి కూర్చున్నారు. యంత్రం ప్రతి చిన్నదానికీ కుయ్యిమంటోంది. నర్సమ్మ వేరే మంచం వైపు చూస్తూనే చెయ్యి చాపి దాని నోరు నొక్కేస్తోంది. అది చిన్న విషయమేనని మీకెలా తెలిసిందని ఒక అబ్బాయి అడిగాడు. "తెలీదు బాబూ. అలవాటైపోయింది" అంది ఆవిడ. వాళ్ళు తిరిగి వెళ్ళి, ప్రమాదమైతేనే యంత్రం అరిచేలా అంతా మళ్ళీ రాశారు. ఆ రైలు టిక్కెట్లను ఇక్కడి లెక్కల్లో దుబారా కింద రాసుకున్నారని విన్నాను.

పోయిన నెల అదే వార్డులో మా కోడలు పడుకుంది. చేతికి అదే యంత్రం. ఒక మధ్యాహ్నం అది ఒక్కసారి అరిచింది. నర్సమ్మ చేతిలో పళ్ళెం వదిలేసి పరుగెత్తుకొచ్చింది. నేను కుర్చీలోంచి లేచాను. మా కోడలు మాత్రం నవ్వింది. "చూశారా అత్తయ్యా, పరుగెత్తింది" అంది.

చివరికి జబ్బే ఆమెను తీసుకుపోయింది. యంత్రం పొరపాటు చేయలేదు.

ఇక సోమవారం సంగతి. పక్క దేశం వాళ్ళ కాంట్రాక్టు గడువు తీరుతోంది. భూగోళం అవతలి పక్క నుంచి మళ్ళీ చవక ధర వచ్చింది. మూడో అంతస్తులో కూర్చుని మీరు తేలుస్తారు. డబ్బు చేదని నేననను. పెన్షన్ మీద బతుకుతున్నదాన్ని, కూరగాయల దగ్గర కూడా బేరమాడతాను. కానీ ఆ గదిలో ఇప్పుడు భయపడేదెవరు? ఖర్చు సంగతి చూసేవాళ్ళున్నారు, గడువు సంగతి చూసేవాళ్ళున్నారు. భయపడే కుర్చీ ఒక్కటే ఖాళీ అయింది.

నాకు భయంగా ఉంది. ఈ వయసులో సభ ముందు ఆ మాట అనడానికి సిగ్గు లేదు. త్వరలో నా గుండెకు ఆపరేషన్. ఆ యంత్రాన్నే నా చేతికి తగిలిస్తారు. దాని లోపలి రాత రేపు ఎవరు మారుస్తారో, వాళ్ళు ఆ వార్డు గుమ్మమైనా తొక్కారో లేదో నాకు తెలియదు. నేను ముసలిదాన్ని, పోనీయండి. నా పక్క మంచం మీద మీ అమ్మ ఉండవచ్చు. మీ చంటిపిల్ల ఉండవచ్చు. అప్పుడు కూడా చవకేనా?

ఫలానా వాళ్ళకే ఇవ్వమని నేను శాసించను. ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు, మీలో ఒక్కరైనా నిజంగా భయపడండి. మా కోడలికి మీరు చేయగలిగిన మర్యాద అదే.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. ఎవరూ మాట్లాడకండి. సోమవారం ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళకు కాళ్ళు కొంచెం వణకవచ్చు. వణకనీయండి. అలాగే నిలబడండి.