ఇంజను వెనక ఇసక మూట

"తాతా, ఇంజన్ వెనకాల ఉండే రేస్ కారు మీద నువ్వు పని చేశావని అమ్మ చెప్పింది. నిజమేనా? మా పాలిటెక్నిక్ టీమ్ కారు కూడా అలాంటిదే. నేను నడిపితే ప్రతిసారీ అదే మలుపులో తిరిగిపోతోంది లా. డ్యారెన్ నడిపితే ఏమీ అవట్లేదు. ఈ శనివారం నా సీటు వాడికి ఇచ్చేస్తారంట."

పని చెయ్యడమేటి గుంటా. ఆ కారుకి ఊపిరి పోసిందే నేను. ఫోను ఆ బల్ల మీద పెట్టు, ఇలా నా మొహం వైపు తిప్పు. రికార్డు అవుతోందా? ఫ్యాను చప్పుడు పడుతుందేమో. ఆపుదామంటే యీషున్‌లో ఈ ఎండకి ఫ్యాను ఆపాక కథ చెప్పడానికి నేను మిగలను. ఉండనీ.

ముందొకటి చెప్పు, ఈ ఊరి 'లా' తగిలించకుండా. తిరిగిపోవడమంటే ముక్కు పక్కకి పోతోందా, తోక ముందుకొస్తోందా? తోకా. ఊఁ. భయమేసి యాక్సిలరేటరు మీంచి కాలు ఎత్తేస్తున్నావా? ఎత్తితే ఇంకా తొందరగా వస్తుంది తోక. సరే, కాలు సంగతి తరవాత. ముందు కూర్చో నిత్యా, అలా తలుపు దగ్గర నిలబడితే నాకు కథ రాదు.

ఇప్పుడు పాయా లేబర్‌లో ఆఫీసులూ మాల్సూ ఉన్నాయి చూడు, అక్కడే ఉండేది మా రేకుల షెడ్డు. యజమాని చీనావాడు, టాన్ తౌకే అనేవాళ్ళం, తౌకే అంటే షావుకారనుకో. నవ్వితే సగం నోరు బంగారం. అందుకే తక్కువ నవ్వేవాడు. మా నాయన శ్రీకాకుళం నుంచి వచ్చి జోహోరులో రబ్బరు తోటలో పాలు గీసేవాడు. నాకు ఆ తోట పడలేదు. దోమలు. సముద్రం మీద వంతెన దాటి ఈ దీవికొచ్చి స్పానరు పట్టుకున్నాను. పట్టుకున్న ఏడాదిలోపే, నా మాట అబద్ధమైతే నా నాలిక తెగిపోవాలి, బోనెట్టు మీద చెవి ఆనిస్తే ఏ పిస్టను అలిగిందో చెప్పేవాణ్ణి. మలాకా నుంచి కార్లు తోలుకొచ్చేవారు, బాగు చేయించుకోడానికి కాదు, ఉత్తినే నా చెవికి వినిపించడానికి.

"ఆ చెవికి నేను పిలిస్తే మాత్రం వినపడదు."

విన్నావా. మీ అమ్మమ్మ. అక్కడ నెత్తళ్ళ చేపల తలలు తుంచుతూ ఇక్కడ నా తల తుంచుతుంది. యాభై ఎనిమిదేళ్ళుగా ఇదే పని. తుంచనీ, తెంపు లేకుండా చెప్తాను.

అప్పట్లో కార్లన్నిటికీ ఇంజను ముందే. ఎందుకంటే ఎద్దుని బండికి ముందు కడతారు, అంతకంటే కారణం లేదు. ఇంజను ముందు, తోలేవాడు మధ్య, తిరగాల్సిన చక్రాలు వెనక. ముందు నుంచి వెనక్కి బలం పోవాలంటే పొడుగాటి ఇనప కడ్డీ కావాలి. ఆ కడ్డీ తోలేవాడి కింద నుంచి పోవాలి. అంచేత పందెం కారులో మనిషి గుర్రమెక్కినట్టు ఎత్తుగా కూర్చునేవాడు, గాలంతా గుండెకే కొట్టేది. కారు పొడుగు, ముక్కు బరువు, కడ్డీ బరువు.

యుద్ధానికి ముందే జర్మనీవాళ్ళు ఇంజను పీకి వెనక పెట్టారట. నడిపినవాళ్ళు హడలి చచ్చారట. తరవాత ఇంగ్లండులో ఎవరో చిన్న షెడ్డువాళ్ళు, మాలాంటి వాళ్ళే, మోటారు సైకిలు ఇంజను తెచ్చి బుల్లి కారుకి వేశారు. దానికి చెయిను కదా, చక్రానికి దగ్గరగా ఉండాలి. అంచేత వెనకే కుదిరింది. గొప్ప ఆలోచనేం కాదు, వీలు కుదిరిందంతే. ఆ బుల్లి కార్లు మలుపు మలుపుకీ పెద్ద కార్లని దాటుకుంటూ పోతుంటే అప్పుడు తెలిసింది లోకానికి. కొన్నేళ్ళకి ముందు ఇంజను పెట్టుకుని పందేనికి వచ్చినవాణ్ణి చూసి జనం నవ్వేవారు. నన్నడిగితే మొదట్లోనే చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు. అప్పటికి నాకు ఆరేళ్ళు.

ఒకటి మాత్రం గట్టిగా చెవిలో వేసుకో. వెనక అన్నానని మరీ తోకలో కాదు. వెనక చక్రాల ఇరుసుకి ఇవతల, తోలేవాడి వీపుకి ఆనించి. మనిషికి నడుం ఎక్కడో అక్కడ. బరువంతా నడుం దగ్గర ఉంటే కారు చెప్పిన మాట వింటుంది.

అలాంటి కారొకటి మా తౌకే కొన్నాడు. ఎవరో దొర ఊరికి పోతూ అమ్మేశాడు. పచ్చ రంగు. అది లారీ మీంచి దిగిన రోజున, పాయా లేబర్ మొత్తం కదిలొచ్చింది. పోలీసులు రావలసొచ్చింది జనాన్ని ఆపడానికి.

"పక్క కోపి కొట్టు ముసిలాయన వచ్చాడు. ఒక కుక్క కూడా."

కుక్క వచ్చింది, నేను కాదనను. ఆ కోపి కొట్టులో కప్పు కాఫీ పది సెంట్లు అప్పుడు, పాలు ఎక్కువైతే తిట్టేవాడు. ఏం చెప్తున్నాను... ఆఁ, కారు. దాన్ని నడిపేవాడు సెల్వం. సిలోను తమిళుడు. వారమంతా పోస్టాఫీసులో ముద్దరలు కొట్టేవాడు, ఆదివారం మాత్రం రాజు. పెళ్ళి లేదు, సిగరెట్టు లేదు, ఈ కారు తప్ప వేరే యావ లేదు. చేతులు చూడాలి వాడివి, వీణ వాయించేవాడి చేతుల్లాగ ఉండేవి. నా తరవాత ఈ దీవిలో అంత బాగా తోలేవాడు లేడు.

అప్పుడు పందెం థామ్సన్ రోడ్డు మీదే. స్టేడియం లేదు, దీపాలు లేవు, మామూలు రోడ్డు మూసేసి పరుగులు పెట్టేవారు. పక్కన చెట్లు, బస్సు స్టాపులు, మనిషి మునిగేంత మురిక్కాలవలు. జారితే ఆపడానికి గోడ కాదు, కాలవే. పందేనికి ముందు ప్రాక్టీసు రోజున వాన పట్టుకుంది.

ఇక్కడ మా షెడ్డు అలవాటొకటి చెప్పాలి. వాన పడిందంటే ప్రతి కారు డిక్కీలో ఒక ఇసక మూట వేసేవాళ్ళం. ఇంజను ముందున్న కారుకి తోక తేలిక కదా, తడి రోడ్డు మీద వెనక చక్రాలు ఊరికే గిర్రున తిరుగుతాయి. మూట పడితే నేల పట్టుకుంటాయి. టాక్సీకీ వేసేవాళ్ళం, వ్యానుకీ వేసేవాళ్ళం, పందెం కారుకీ వేసేవాళ్ళం. చినుకు పడితే నువ్వు గొడుగు తీస్తావు, మేం మూట తీసేవాళ్ళం. అలాగే పచ్చ కారుకీ కట్టేశాం. దానికి డిక్కీ ఏదీ, ఇంజను వెనక గేరు పెట్టె మీద తాళ్ళతో బిగించాం. ఎందుకు కట్టారని ఎవరూ అడగలేదు. అన్నం తిన్నాక చెయ్యి ఎందుకు కడిగావని అడుగుతామా?

ఇంక చూడు. మలుపు రావడం, సెల్వం కారు బొంగరంలాగ తిరగడం. మళ్ళీ బయల్దేరడం, మళ్ళీ తిరగడం. ఒకసారి తిరిగి కాలవ అంచున ఆగింది, వెనక చక్రమొకటి గాల్లో. నేనొక్కణ్ణే వెళ్ళి ఒంటి చేత్తో ఎత్తి రోడ్డు మీద పెట్టాను.

"ఆరుగురు పట్టారు."

మిగతా అయిదుగురు చెయ్యి ఆనించారు, అంతే. అమ్మమ్మా మనవరాలూ ఒకటైపోయి నవ్వుతున్నారు, నవ్వండి. సెల్వం మాత్రం ఆ రోజు నవ్వలేదు. తౌకేకి ఒక బావమరిది ఉన్నాడు, టైర్ల వ్యాపారం, మనిషి తొట్టిలాగ ఉండేవాడు. ఎప్పటినుంచో ఆ సీటు మీద కన్ను. "వాడి చేతులు పోయాయి, గుమాస్తాని గుమాస్తాగా ఉండనీ, నాకివ్వు" అన్నాడు. తౌకే సాయంత్రం దాకా ఆలోచిస్తానన్నాడు. సెల్వం షెడ్డుకొచ్చి ఓ పాత టైరు మీద కూర్చుని తన చేతులు తానే తిప్పి చూసుకున్నాడు. "అప్పన్నా, నిజంగా పోయాయంటావా" అన్నాడు. నేను స్పానరు తుడిచి పెట్టి లేచాను. తెలీని మాట చెప్పడం నాకు అలవాటు లేదు.

ఇంటికి పోయాను. అప్పుడు కంపోంగ్‌లో ఉండేవాళ్ళం, అంటే గుడిసెల వాడ అనుకో. వీధి కొళాయి ఒకటే. నేను కావడి వేసుకుని రెండు డబ్బాల నీళ్ళు తెస్తున్నాను. ఆ కావడి రెండు కొసలా నీళ్ళు, మధ్య నేను. తడి చెక్కల దారి. ఎదురుగా ఎవరిదో బాతు అడ్డమొచ్చింది. నేను పక్కకి తిరిగాను. నేను తిరిగాను గానీ డబ్బాలు తిరగలేదు. అవి పోయే దారినే పోదామనుకున్నాయి. తరవాత తిరగడం మొదలెట్టాక మరి ఆగలేదు, నన్ను కూడా తిప్పుకుంటూ...

"కాలవలో పడ్డారు."

పరీక్ష చేశాను.

"మెడ దాకా బురదలో కూర్చుని పరీక్ష చేశారు. నేను వెనకే వస్తున్నాను నిత్యా. కొత్తగా కాపరానికొచ్చినదాన్ని, నవ్వొచ్చి చచ్చాను."

ఆఁ, అదిగో, అసలు సంగతి అక్కడుంది. మీ అమ్మమ్మ వెనకే వస్తోంది, చంకలో బిందె. నిండు బిందె. అదే బాతు, అదే తడి చెక్క. ఆవిడ నడుం ఇలా అంది, ఠక్కున తిరిగిపోయింది. చుక్క ఒలకలేదు. నీళ్ళు నావీ అంతే, ఆవిడవీ దాదాపు అంతే. నావి కొసల్లో ఉన్నాయి, ఆవిడవి ఒంటికి ఆనుకున్నాయి. బురదలో కూర్చునే నేను ఇంజనీరింగు మొత్తం చదివేశాను. ఇంజనుని తెచ్చి నడుం దగ్గర పెట్టినవాడు కారుని బిందె పట్టిన ఆడదాన్ని చేశాడు. మేమేం చేశాం, ఆ తోక మీద ఇసక మూట కట్టి మళ్ళీ కావడి చేశాం. పోయింది సెల్వం చేతులు కాదు.

బట్టలు కూడా మార్చుకోకుండా షెడ్డుకి పరిగెత్తాను. పులి వెంట పడినా నన్ను పట్టుకోలేదు ఆ రోజు. తౌకే అప్పుడే బావమరిదిని పిలిపించి కూర్చోబెట్టాడు. నేను కత్తి తీశాను. బావమరిది లేచి నిలబడ్డాడు. వాణ్ణి దాటి వెళ్ళి మూట తాళ్ళు కోసేశాను. తౌకే అడ్డం వచ్చాడు. వాన రోడ్డు మీద మూట లేని కారా అని. వాళ్ళ నాయన నాటి నుంచీ మూట కడుతున్నారు మరి. సరే, పెద్దవాడి మాట తీసెయ్యకూడదని సగం ఇసక తీసి చిన్న సంచిలో కుట్టి సెల్వం సీటు పక్కన, తుంటికి ఆనించి కుక్కాను. ఇప్పుడు తోలి చూడమను, తిరిగితే రేపు సీటు ఇచ్చెయ్ అన్నాను. మర్నాడు పొద్దున్నే వానలోనే తోలాడు. మలుపు తీసుకుంది కారు, బిందెలాగ. తౌకే నోరంతా బంగారమే కనిపించింది.

పందెంలో మొదటివాడు సెల్వమే.

"నాలుగోవాడు."

ముందున్న ముగ్గురివీ మాకంటే రెట్టింపు ఇంజన్లు, వాళ్ళని లెక్కలోకి తీసుకోకూడదు. మా ఇంజను సైజులో మొదటివాడు.

"మీ ఇంజను సైజులో ఇంకెవరున్నారు?"

సరే, ఎవరూ లేరు. కానీ ఆ మలుపులో తిరగలేదు నిత్యా. ఒక్కసారీ తిరగలేదు. దిగొచ్చి సెల్వం ముందుగా తన చేతులు చూసుకున్నాడు. తరవాత నాకు చూపించాడు. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు తోలాడు.

అదీ కథ. ఇప్పుడు నీ సంగతి. ఆ డ్యారెన్ అనేవాడు ఎలా ఉంటాడు మనిషి?

"బిగ్ సైజ్. రగ్బీ ఆడతాడు."

ఊఁ. నువ్వేమో మీ అమ్మమ్మ చేతిలో నెత్తలంత ఉన్నావు. కోపం తెచ్చుకోకు, ఉన్నమాట. పందేలకి తూకం రూలు ఉంటుంది కదా, ఇంత బరువుకి తగ్గకూడదని. మరి నువ్వు ఎక్కినప్పుడు బరువు తగ్గితే ఏం చేస్తారు?

"లెడ్ ప్లేట్స్ పెడతారు. నాకు మాత్రమే. డ్యారెన్‌కి అక్కర్లేదు."

ఎక్కడ పెడతారు?

"బ్యాక్‌లో తాతా. ఇంజన్ వెనకాల, గేర్‌బాక్స్ పైన. అక్కడే స్పేస్ ఉంది లా."

ఆ నెత్తళ్ళు పక్కన పెట్టు పైడమ్మా. విన్నావా.

"విన్నాను. నాకెందుకు చెప్తారు, దానికి చెప్పండి."

చెప్పక్కర్లేదు, దాని మొహం చూడు. తెలిసిపోయింది. ఆ సీసం పలకలు, అవే నీ ఇసక మూట, ఇవాళే విప్పించు తల్లీ. సీటు పక్కకి తెచ్చి బిగించమను, నీ తుంటి దగ్గరకి, ఎంత కిందకి కుదిరితే అంత కిందకి. చోటు లేదంటే చోటు చెయ్యమను. అప్పుడు తోలు. అప్పుడు కూడా తిరిగితే సీటు ఎవరికి ఇచ్చినా నేను అడగను. శనివారం దాకా ఎందుకు, వాళ్ళకి ఇప్పుడే చెప్పు. ఎవరు చెప్పారంటే... ఈ దీవిలోకెల్లా గొప్ప మెకానిక్కు అని చెప్పు. వద్దులే, నమ్మరు. మా అమ్మమ్మ బిందె చెప్పిందని చెప్పు.

చల్లగా ఉండు. నీ చేతులు చల్లగా ఉండాలి. ఏటి చూస్తున్నావు, ఫోను తీసుకుని మీ టీముకి చెయ్యి. రికార్డు ఆగిపోతుందా? ఆగిపోనీ. ముందు వాళ్ళకి...