తొలి వాయి

ఆ పళ్ళెం ముట్టుకోకు తల్లీ. ఆఁ, అదే, ఆ తెల్లగా పాలిపోయిన బిస్కెట్లు. అవి తినడానికి కాదు. తినడానికే అనుకో, నీకు కాదు. రెండో వాయి దిగుతోందిగా, ఎర్రగా కాలినవి తిందువుగాని, ఆగు. ముందు ఆ కత్తెర తీసుకుని ఇలా కూర్చో. నక్షత్రానికి కాగితం కోస్తూ మాట్లాడు. మా అత్తగారి ఇంట్లో చేతులు ఖాళీగా పెట్టుకుని ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. నా చేతుల సంగతి మాత్రం అడక్కు. ఈ వేలు చూడు, కాస్త పిండి కలిపితే చాలు, సాయంత్రానికి ముడవనివ్వదు. పోయిన పండక్కి మీ అమ్మ అందరి ముందూ అననే అంది కదా, "ఎందుకమ్మా నీకీ అవస్థ, కొట్లో దొరకవా? అయినా ఇవి ఎవరు తింటున్నారని?" అని. అంది. సరేలే. మీ అమ్మ ఎలా ఉందని నేను అడగలేదు, నువ్వూ చెప్పక్కర్లేదు. ఆ మంట కొంచెం తగ్గించు.

ఏమన్నావ్? తొలి వాయి విడిగా ఎందుకు పెట్టానా? అది మా అత్తగారి పద్ధతి. అంటే మీ అమ్మకి నాయనమ్మ. నువ్వు చూడలేదు. చూసి ఉంటే ఇలా కాళ్ళు బారజాపి కూర్చునేదానివి కాదు. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడేది. పొయ్యి వెలిగించేముందు ప్రార్థన చేసేది, అది కూడా ఆజ్ఞ వేసినట్టే ఉండేది. "ప్రభువా, ఈ పిండి పాడవకూడదు, ఈ ఇంట్లో ఎవరూ అబద్ధం ఆడకూడదు, ఆమెన్." అంతే. మేము కళ్ళు మూసుకునేలోపే అయిపోయేది. అప్పుడు పొయ్యిలు ఇలాంటివి కావుగా. పెద్ద గిన్నెలో ఇసుక పోసి, అది కాగాక అందులో పళ్ళెం దించి, మూత పెట్టి, మూత మీద నిప్పులు వేసేవాళ్ళం. ఎంత కాగినా ఇసుక తొలి వాయిని సరిగా కాల్చదు. పైన తెల్లగా, లోపల పచ్చిగా, నమిలితే పళ్ళకి అంటుకునేవి. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు తెలివిగా అన్నాను, "ఇంకాసేపు కాగనిచ్చి పెడితే సరిపోతుందిగా అత్తయ్యా" అని. నా వంక చూసింది. "కాగేదాకా ఆగితే ఇంక తొలి వాయి ఎక్కడిది?" అంది. అప్పుడు నాకేం అర్థమవుతుంది?

ఆ తొలి వాయి ఎవరికంటే, మాట ఆగినవాళ్ళకి. ఏడాది పొడుగునా ఎవరితో తగువు పడిందో, ఎవరింటి మీదుగా వెళ్ళేటప్పుడు మొహం తిప్పుకుందో, వాళ్ళకి. ఆ పొట్లం గడప దాటితే గానీ ఇంట్లో ఒక్క ముక్క కూడా ఎవరి నోట్లోకీ వెళ్ళకూడదు. మంచి వాయి పంపొచ్చుగా, శత్రువుకి పచ్చివి పంపడం ఏం మర్యాద అని మీ తాతయ్య ఒకసారి అడిగారు. "మనసు బాగా కాలి ఎర్రగా అయ్యేదాకా ఆగితే పండగ వెళ్ళిపోతుందిరా. పచ్చిగా ఉన్నప్పుడే పంపాలి" అంది. వీధిలో అందరికీ తెలుసు ఈ సంగతి. పచ్చి బిస్కెట్లు వచ్చాయంటే, నీ మీద కోపం ఉంది, ఇక వదిలేద్దాం అని అర్థం. తగువు లేనివాళ్ళకి మామూలుగా ఎర్రగా కాలినవే. పాలావిడ అయితే గుమ్మంలో నిలబడి మరీ అడిగేది, "ఏంటమ్మగారూ, ఈ ఏడు నాకు ఎర్రటివి పంపారు? నీళ్ళు కలుపుతున్నానని అంత గోల చేశారు, మర్చిపోయారా?" అని. "ఒప్పుకున్నావుగా, ఇంకెందుకు పచ్చివి?" అని మా అత్తగారు. అలా ఉండేది.

కాగితం అంత లోపలికి మడవకు, చిరుగుతుంది. ఆఁ, అలా.

అందరికీ పంపిన మనిషి ఒక్కరికి మాత్రం పంపలేదు. సొంత తమ్ముడికి. మాకు వడ్రంగి మామయ్య. వెనక వీధిలోనే ఇల్లు, ఇంటి ముందే పని. రంపం శబ్దం మా వంటింట్లోకి వినిపించేది. ఈ నక్షత్రానికి లోపల పుల్లల చట్రం ఉందే, అది ఆయనే చేసేవాడట ప్రతి పండక్కీ. సన్నగా చెక్కి, మూలలన్నీ సమంగా కూర్చి. నేను వచ్చేసరికే అది ఆగిపోయింది. మీ తాతయ్య చీపురు పుల్లలు కట్టి ఏదో చేసేవారు. దానికి ఒక కాలు ఎప్పుడూ కిందికి వేలాడేది. కుంటి నక్షత్రం అని పిల్లలు పేరు పెట్టారు. ఆ దారిన వెళ్తూ మామయ్య తలెత్తి దాన్ని చూసేవాడు, నేను కిటికీలోంచి చూశాను. పని తెలిసినవాడికి ఎంత బాధో. అయినా గడప ఎక్కేవాడు కాదు.

ఏం జరిగిందంటే, వాళ్ళమ్మ పోయినప్పుడు శవపెట్టె ఆయనే చేశాడు. వేరేవాళ్ళని ముట్టుకోనివ్వలేదు. తీరా చూస్తే మూత సరిగా కూర్చోలేదు, ఒక పక్క లేచి ఉంది. జనం అంతా నిలబడి ఉన్నారు, ప్రార్థన కూడా మొదలవలేదు. మా అత్తగారు ఆ గొంతు వేసుకుని, "పరాయివాళ్ళకి చేసినంత శ్రద్ధ కూడా అమ్మ మీద లేదేరా నీకు" అంది. అంతే, ఆ ఒక్క మాట. ఆయన మట్టి వేసి, సుత్తి తీసుకుని, అటునుంచి అటే వెళ్ళిపోయాడు. అప్పటినుంచి మాట లేదు. మాట లేకపోవడం సరే, అప్పటినుంచి ఆవిడ ప్రభువు బల్ల కూడా తీసుకోలేదు. చర్చిలో అందరూ లేచి ముందుకి వెళ్తారా రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి, ఆవిడ కూర్చునే ఉండేది. మోకాళ్ళ నొప్పులు అని చెప్పేది. ఆ మోకాళ్ళతోనే ఇల్లంతా కడిగేది మరి! తమ్ముడితో మాట ఆపుకుని ప్రభువు బల్ల దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్తాను అనుకునేది, కానీ నోరు విప్పేది కాదు. ఊళ్ళోవాళ్ళందరినీ కలిపిన మనిషి. తనది తను చేసుకోలేకపోయింది. చెప్పడం తేలికమ్మా. నేనూ ఎన్ని చెప్పలేదు.

ఎక్కడున్నాం? ఆఁ. ఒక ఏడు, పండగ ముందురోజు, తొలి వాయి తీసింది. ఎవరికి పంపుతుందా అని చూస్తున్నాను, ఆ ఏడు ఎవరితోనూ తగువులు పెద్దగా లేవు. తెల్ల కాగితంలో చుట్టింది. తొలి వాయికి ఎర్ర దారం, మిగతావాటికి పసుపు దారం, అది గుర్తు. పొట్లాలన్నీ వరసగా పెట్టి, ఒకటి తీసి మీ తాతయ్య చేతిలో పెట్టి, "ఇది వెనక వీధికి" అంది. ఆయన నోరు తెరుచుకుని ఉండిపోయారు. "ఏంట్రా చూస్తావు? కాళ్ళు లేవా?" అంది. ఆయన దారం రంగు కూడా చూడకుండా పరిగెత్తారు, మళ్ళీ మనసు మార్చుకుంటుందేమోనని. ఇంకో పొట్లం అయ్యగారింటికి, పాస్టరుగారికి, పంపించింది. అప్పటికి నేను వాకిట్లోకి వచ్చి కుంటి నక్షత్రం కడుతున్నాను. ఏ దారం ఎటు పోయిందో చూడలేదు.

అన్నం వేళ దాటాక అయ్యగారు వచ్చారు. చేతిలో పొట్లం. మొహం వాడిపోయి ఉంది. "అమ్మగారూ, నావల్ల ఏదైనా తప్పు జరిగితే చెప్పండి. పండగ ఆరాధన జరిపించాలి నేను, ఇలా మనసులో పెట్టుకుని ప్రసంగం చేయలేను" అన్నారు. ఈవిడకి అర్థం కాలేదు. ఆయనే మళ్ళీ, "నాకు తెలుసు లెండి. పోయిన నెల ప్రసంగంలో నోటి దురుసు గురించి చెప్పాను చూడండి, అది మిమ్మల్ని దృష్టిలో పెట్టుకునే చెప్పాను. క్షమించాలి" అన్నారు. "నా గురించా అది? పక్కింటామె గురించనుకుని, ఆమెకి వెళ్ళి మరీ చెప్పానే, వినండమ్మా మారండమ్మా అని!" అంది మా అత్తగారు. నాకు నవ్వాగలేదు, కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన పొట్లం విప్పి చూపించారు. ఎర్ర దారం. లోపల పచ్చివి, సగమే ఉన్నాయి. "పశ్చాత్తాపంతో సగం తినేశానమ్మగారూ" అన్నారు పాపం. అప్పుడు అర్థమైంది ఆవిడకి. పచ్చివి అయ్యగారికి వెళ్తే, ఎర్రటివి తమ్ముడికి వెళ్ళాయి. వంగి ఆ దారాన్ని కళ్ళ దగ్గరగా చూసి, గడప పక్కన కూర్చుంది. "నాకు ఆ రెండు దారాలూ ఒకటే రంగులో కనిపించాయి" అంది. ఎవరితో అందో తెలీదు. అప్పుడు తెలిసింది మాకు, ఆవిడకి చూపు పోతోందని. రోజూ సాయంత్రం బైబిల్ ఒళ్ళో పెట్టుకుని చదివేది, మేము విని తలలూపేవాళ్ళం. ఎన్నాళ్ళనుంచో కంఠతా వచ్చినవే చెబుతోంది, పేజీ తిప్పనే లేదు. గమనించామా ఒక్కరమైనా?

అయ్యగారు ఇంకా వెళ్ళనేలేదు, వాకిట్లోకి మామయ్య వచ్చాడు. గడప అవతల నిలబడ్డాడు. పసుపు దారం పొట్లం విప్పనైనా విప్పలేదు. ఆవిడ వంక చూడడు, నా వంకే చూసి, "అమ్మాయ్, మీ అత్తగారిని అడుగు. నేను పరాయివాడినా?" అన్నాడు. ఈవిడ ఇటునుంచి, "అమ్మాయ్, ఏం కాదని చెప్పు" అంది. ఇద్దరి మధ్యా జానెడు జాగా లేదు, మధ్యలో నేనొకదాన్ని. "మరి పరాయివాళ్ళకి పంపే బిస్కెట్లు నాకెందుకు పంపిందో అడుగు. ఇన్నేళ్ళూ ఏమీ రాలేదు. ఊరుకున్నాను. కోపం ఉందిలే అనుకున్నాను. కోపం ఉందంటే ఇంకా తమ్ముడినే కదా. ఈ ఏడు పాలావిడకి పంపినట్టు ఎర్రటివి పంపింది. అంటే ఊళ్ళోవాళ్ళలో కలిపేసింది. అడుగు, కలిపేసిందా?" అని పొట్లం నా ముందుకి చాపాడు. అంత పెద్ద మనిషి, చెవి మీద పెన్సిలు, జుట్టులో రంపపు పొట్టు. నేనేం అడుగుతాను? అయ్యగారు అటూ ఇటూ చూసి, తన చేతిలో ఉన్న ఆ సగం పొట్లం తీసుకెళ్ళి మామయ్య చేతిలో పెట్టేశారు. "ఇది మీదండీ. పొరపాటున నేను తిన్నాను" అన్నారు. మామయ్య ఎర్ర దారం చూశాడు. ఒక పచ్చి బిస్కెట్టు నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. పళ్ళకి అంటుకుంది కాబోలు, నాలుకతో తీసుకుంటున్నాడు. మా అత్తగారు అప్పుడు అంది, "అమ్మాయ్, వాణ్ణి వెలుతురులోకి రమ్మను. మొహం ఆనడం లేదు. కళ్ళు పూర్తిగా పోయేలోపు ఒకసారి చూద్దామనే పంపాను."

ఆయన నమలడం ఆపేశాడు. "ఎప్పటినుంచి?" అన్నాడు, నాతో కాదు. "ఈ మధ్యే" అంది, నాతో కాదు. గడప దాటి వచ్చి ఆవిడ ముందు కింద కూర్చున్నాడు. ఆవిడ రెండు చేతులతో మొహం పట్టుకుని కిటికీ వైపు తిప్పి చూసింది, కూరగాయ చూసినట్టు చూసింది. "ముసలాడివైపోయావురా" అంది. "నువ్వేదో పడుచుపిల్లవైనట్టు" అన్నాడు. మళ్ళీ తనే, "ఆ రోజు కొలత తప్పు తీసుకోలేదక్కా. కళ్ళ నిండా నీళ్ళు, కోసేటప్పుడు గీత కనపడలేదు" అన్నాడు. "ఊఁ. కనపడదు" అంది ఆవిడ.  క్షమించు అనీ అనలేదు, ఏడవనూ లేదు. లేచి వెళ్తూ మామయ్య వాకిట్లో ఆగి, "ఎవరు కట్టారు ఈ దరిద్రపు నక్షత్రాన్ని?" అని దాన్ని దించి తీసుకుపోయాడు. చీకటి పడేలోపు కొత్త చట్రం తెచ్చి కట్టాడు. మరునాడు చర్చిలో ఆవిడ లేచింది. తమ్ముడి మోచెయ్యి పట్టుకుని ముందుకి వెళ్ళింది. మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయి అని పక్కింటామె నా చెవిలో గొణిగింది. ప్రసంగం ఆమెకి పట్టినట్టు లేదు.

తర్వాత చూపు పూర్తిగానే పోయింది. అయినా బిస్కెట్లు మానలేదు. వాసన చూసి చెప్పేది, తియ్యి, ఇంకా ఆగు, అని. ముందు మామయ్య పోయాడు, పైఏడు ఆవిడ. ఆవిడ పోయాక ఈ పని నేను అందుకున్నాను. ఇసుక గిన్నె పోయింది, ఈ పొయ్యి వచ్చింది, దీనికీ తొలి వాయి తెల్లగానే వస్తుంది, చిత్రంగా. అలసిపోయానమ్మా. అబద్ధం ఎందుకు, మీ అమ్మ అన్నది నిజమే. ఈ చేతులతో కావడం లేదు. ఎవరు తింటున్నారు, అదీ నిజమే. నిజమైతే మాత్రం, అందరి ముందూ అనాలా... అదేంటి, మాడు వాసన వస్తోందా? తియ్యి తియ్యి, గుడ్డతో పట్టుకో. ఆఁ. బాగానే వచ్చాయి. ఉండు, నోట్లో పెట్టుకోకు అప్పుడే. ఆ అరలో ఎర్ర దారం ఉంటుంది, ఇలా తే. నా వేళ్ళకి ముడి పడదు, నువ్వే వెయ్యి ఆ తెల్లవాటికి. గట్టిగా వెయ్యి. నువ్వు ఇంటికి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళు. ఏమీ చెప్పకు. దారం చూస్తే మీ అమ్మకి తెలుస్తుంది.